పన్నెండు కింద పసుపు చుక్క

మా హాల్లో ఒక గాజు బీరువా ఉంది. అందులో తొమ్మిది జేబు గడియారాలున్నాయి. తొమ్మిదీ ఫ్రెంచివి, తొమ్మిదీ బంగారపువి, అన్నిటికంటే చిన్నదానికి కూడా నూట యాభై ఏళ్ల పైమాటే. మొన్నటి చలికాలం దాకా వాటిలో ఎనిమిదే నడిచేవి. తొమ్మిదోది ఆరేళ్లుగా ఆగిపోయి ఉండేది. దాని తెల్లటి పింగాణీ డయల్ మీద, పన్నెండు అంకెకి సరిగ్గా కింద, కందిగింజంత పసుపు చుక్క ఉండేది. మామూలు పసుపే, వంటింట్లోది. అది నా భార్య పెట్టిన బొట్టని ఆరేళ్లుగా నాకు తెలిసిన సంగతి. ఆవిడ పోయాక ఆ చుక్కని ఉంచాలని నేను, తీయించెయ్యాలని మా అమ్మాయి. దాదాపు ఏడాది పాటు మా ఇద్దరికీ ఉన్న తగువు అదొక్కటే. మిగతా అన్ని విషయాల్లో మేం ఎంత బుద్ధిగా సర్దుకుపోయామంటే, చూసినవాళ్లకి అనుమానం రావాలి.

ఈ గడియారాల పిచ్చి నాకు ఇక్కడికి, జర్మనీకి వచ్చాకే పట్టింది. వాల్డార్ఫ్‌లో ఉద్యోగం, పక్క ఊళ్లో ఇల్లు. బ్లూ కార్డు వీసా మీద వచ్చిన కొత్తలో శనివారం వస్తే ఏం చెయ్యాలో తోచేది కాదు. కొట్లు సాయంత్రానికే మూసేసేవారు, ఆదివారం అసలు తెరిచేవారు కాదు. అందుకని ఫ్లోమార్క్ట్‌లకి వెళ్లేవాణ్ణి, అంటే పాత సామాన్ల సంతలకి. అక్కడొకసారి ఒక ముసలాయన పాత చెంచాల మధ్యలో పెట్టిన జేబు గడియారం వెనక మూత తెరిచి చూపించాడు. ఆ మూత లోపల సూదితో గీసిన సన్నటి గీతలు, అంకెలు కనిపించాయి. ఏవిటవని అడిగితే, ఆ గడియారాన్ని బాగుచేసిన ప్రతి పనివాడూ తన గుర్తు అక్కడ గీసి వెళ్తాడని చెప్పాడు. లెక్కపెడితే పద్నాలుగు గుర్తులు. పద్నాలుగు మంది చేతుల్లో పడి బతికొచ్చిన వస్తువుని నేను అంతకు ముందెప్పుడూ పట్టుకోలేదు. ఆ రోజు నుంచీ నేను మామూలు మనిషిని కాదు.

నా భార్యకి ఈ సరదా మొదట్లో నవ్వులాటగా ఉండేది. ఆవిడది తణుకు, నాది భీమవరం. బంగారం విషయంలో ఆవిడకి కొన్ని సిద్ధాంతాలుండేవి. ఇవన్నీ పద్దెనిమిది కేరట్లవని తెలిసిన రోజున, తణుకులో అయితే దీన్ని ముక్కుపుడకకి కూడా పనికిరాదంటారని తేల్చేసింది. లోపలి మిషను తీసేస్తే ఎన్ని కాసులుంటుందని ప్రతి గడియారానికీ అడిగేది. ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండేది. అది చూసి ఇంకా అడిగేది. ఫ్రాన్సులో ఆ పాత కాలంలో బంగారం మీద సర్కారువారు కొట్టిన ముద్రల్లో ఒకటి కోడిపుంజు, తర్వాత్తర్వాత గద్ద తల. గద్ద తలలు తేలిగ్గానే దొరుకుతాయి, కోడిపుంజు దొరకడం కష్టం. ఒక వేసవంతా కోడిపుంజు కోసం తిరుగుతూంటే, భీమవరం వాడికి ఫ్రాన్సు వెళ్లినా పుంజుగోలేనా అంది. ఆ మాట నా స్నేహితులందరికీ చెప్పింది కూడా.

విచిత్రమేమిటంటే, ఆ కోడిపుంజుని కనిపెట్టింది నేను కాదు, ఆవిడే. రైన్ నది దాటితే ఫ్రాన్సు. అక్కడ ఒక పల్లెటూరి సంతకి ఆదివారం పూట ముగ్గురం వెళ్లాం. అమ్మాయి బండిలో నిద్రపోతోంది. నేను ముందు వరసలో ఏదో పాత గొలుసు దగ్గర బేరమాడుతుంటే ఆవిడ వెనక నించి ఏమండీ అని పిలిచింది. తాళంచెవుల డబ్బా అడుగున, గుడ్డలో చుట్టి, పలచటి బంగారు గడియారం. నా భూతద్దం నా చేతిలోంచి తీసుకుని కంట్లో ఇరికించుకుని ఆవిడే ముద్ర చూసింది. పుంజేనండీ, తోక కూడా కనపడుతోంది అంది. నేను బతుకులో అంత సంతోషపడిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మా తొమ్మిదో గడియారం అదే.

ఆ కాలం గడియారాలకి కీ ఇచ్చే కన్నం డయల్ మీదే ఉంటుంది. ముందున్న గాజుని గోటితో పైకెత్తి, చిన్న తాళంచెవిని ఆ కన్నంలో పెట్టి తిప్పాలి. లోపల వెంట్రుకంత సన్నటి గొలుసు ఒకటి చుట్టుకుంటుంది. సైకిలు గొలుసులాగే లంకెలు లంకెలుగా ఉంటుంది, కాని ఒక్కో లంకె చూడాలంటే భూతద్దం కావాలి. ఒకసారి కీ ఇస్తే మర్నాటి దాకా నడుస్తుంది. నేను ఆదివారం పొద్దున కాఫీ తాగి వరసగా తొమ్మిదింటికీ కీ ఇచ్చేవాణ్ణి. వారానికి ఒక రోజు నడిస్తే చాలు, లోపల నూనె గట్టిపడకుండా ఉంటుంది. అమ్మాయికి నడక వచ్చినప్పటి నించీ నా పక్కన నిలబడి చూసేది. ముట్టుకోవడానికి మాత్రం వీల్లేదు. ఆ ఒక్క విషయంలో నేను చాలా కచ్చితం.

అమ్మాయికి అయిదేళ్లప్పుడు దసరాకి జరిగింది ఇది. మా ఆవిడ ఆయుధపూజ ఎప్పుడూ వదిలేది కాదు. మన ఆయుధాలంటే ఏవిటి ఇక్కడ? రెండు లాప్‌టాప్‌లు, రెండు సైకిళ్లు, మిక్సీ, కత్తిపీట, కారు. అన్నిటికీ పసుపు, కుంకుమ. కారు చక్రాల కింద నిమ్మకాయలు. ఓ ఏడాది మా కింది ఇంట్లో ఉండే పెద్దాయన ఆ నిమ్మకాయల్ని చూసి, కొట్టు నించి తెచ్చుకుంటూ జారవిడుచుకున్నామనుకుని, ఏరి తెచ్చి మా గుమ్మం ముందు సంచిలో పెట్టి వెళ్లాడు. గడియారాల విషయంలో మా ఇద్దరికీ ఒప్పందం ఉండేది. బీరువా చెక్కకి బొట్టు పెట్టుకోవచ్చు. గడియారాలకి మాత్రం పెట్టకూడదు.

ఆ సాయంత్రం నేను ఆఫీసు నించి వచ్చేసరికి రెండు కుటుంబాలు భోజనానికి వచ్చి కూర్చునున్నాయి. వంటింట్లో గారెలు వేగుతున్నాయి. స్నానాల గదిలో కుళాయి ధారగా పోతోంది. నీళ్లెందుకలా వదిలేశారని అడిగితే, పాప చేతులు కడుక్కుంటోందండీ అంది మా ఆవిడ. కట్టెయ్యమని విసుక్కుని, వచ్చినవాళ్లలో ఒకాయన అడిగాడని బీరువా తెరిచాను. కోడిపుంజు గడియారం గాజు సరిగా మూసుకోలేదు. డయల్ మీద, పన్నెండు కింద, ఇంకా తడి ఆరని పసుపు బొట్టు. దానిలోంచి సన్నటి చార ఒకటి కిందికి జారి కీ ఇచ్చే కన్నంలోకి పోయింది. కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకున్నాను. చప్పుడు లేదు.

ఎవరు చేశారని అరవలేదు నేను. నెమ్మదిగానే అడిగాను, నెమ్మదిగా అడగడమే నా కోపం. మా ఆవిడ పులిహోర పళ్లెంతో గుమ్మంలో నిలబడి ఉంది. నా చేతిలో గడియారం చూసింది, ఒక క్షణం స్నానాల గది తలుపు వైపు చూసింది.

"నేనే పెట్టానండీ. బొట్టే కదా," అంది.

అప్పుడు నేను అన్న మాట ఇది. దీన్ని మార్చి రాయడానికి ఇప్పుడు నాకు హక్కు లేదు.

"బంగారమంటే తూకం తప్ప తెలియనిదానికి పనితనం ఏం తెలుస్తుందిలే."

నలుగురు పెద్దవాళ్లు, ముగ్గురు పిల్లలు ఉన్నారు ఆ గదిలో. ఆవిడ పళ్లెం బల్ల మీద పెట్టి అందరికీ వడ్డించింది, నాకు కూడా. భోజనాలయ్యాక అందరూ వెళ్లిపోయారు. ఆ తర్వాత పదకొండు రోజులు నేను ఆవిడతో మాట్లాడలేదు. అవసరమైతే ఫోనులో మెసేజీ పెట్టేవాణ్ణి, పక్క గదిలోంచి. పన్నెండో రోజున ఆవిడ, పాపకి పళ్ల డాక్టరు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, గురువారమా శుక్రవారమా అని అడిగింది. శుక్రవారం అన్నాను. అలా అయిపోయింది. క్షమించమని ఆవిడా అడగలేదు, నేనూ అడగలేదు.

కాని ఆ తర్వాతి దసరాలకి బీరువా చెక్కకి కూడా బొట్టు పెట్టలేదు. సంతలకి రావడం మానేసింది. చలి అనేది, కాళ్ల నొప్పులనేది. ఎన్ని కాసులుంటుందని మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఒళ్లు మండే ప్రశ్న పోయిందని నేను హాయిగా ఉన్నానా అంటే, లేను. అలాగని వెళ్లి మాట్లాడానా అంటే, అదీ లేదు. కోడిపుంజుని బాగు చేయించనూ లేదు. చేయిస్తే నేను మర్చిపోయినట్టవుతుంది కదా. మరక కనపడాలనే దాన్ని అలాగే బీరువాలో ఉంచాను. నా రోషం అలాంటిది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఆవిడ ఒక మంగళవారం పొద్దున ఆఫీసులో కుర్చీలోంచి లేవబోయి పడిపోయింది. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. రెండు రోజుల తర్వాత ఆస్పత్రి వాళ్లు నన్ను చిన్న గదిలోకి పిలిచి, నీళ్ల గ్లాసు ముందు పెట్టి చెప్పారు. నేను ఆ గ్లాసు ఎత్తి మొత్తం తాగేశాను. ఇంకేం చెయ్యాలో తెలియలేదు.

తర్వాత చెయ్యవలసినవన్నీ నేను చక్కగా చేశాను. మరణ ధ్రువపత్రానికి టెర్మిన్ తీసుకున్నాను. అస్థికలు ఇండియాకి తీసుకెళ్లడానికి ఎన్ని కాగితాలు కావాలో అన్నీ సంపాదించి, గోదావరిలో కలిపి, పదో రోజూ పన్నెండో రోజూ చేసి తిరిగొచ్చాను. ఆవిడ జిమ్ మెంబర్‌షిప్ రద్దు చెయ్యమంటే, వాళ్లు ముందు సంతాపం తెలిపి, తర్వాత ధ్రువపత్రం కాపీ అడిగి, ఆ తర్వాత ఆ నెల ఫీజు పట్టుకున్నారు. అదీ ఓపిగ్గా చదివి సంతకం పెట్టాను. అందరూ ఒకటే చెప్పారు, ఒకసారి ఏడు, గుండె బరువు దిగుతుందని. నాకు రాలేదు. పన్ను పీకే ముందు మత్తుసూది వేశాక దవడ ఎలా ఉంటుందో, మనిషినంతా అలా ఉన్నాను. నొక్కితే తెలుస్తుంది గాని నొప్పి తెలియదు. సంతలకి కూడా వెళ్లాను. ఒకసారి అచ్చం అలాంటి కోడిపుంజు ముద్రే ఉన్న గడియారం కనిపించింది. చేతిలోకి తీసుకుని, ముద్ర చూసి, మళ్లీ అక్కడే పెట్టేసి, బస్సెక్కి ఇంటికొచ్చి అన్నం వండాను. పదేళ్ల కిందట అయితే నాకు ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు.

ఆ మొద్దుతనంలో నాకు తగిలే వస్తువు ఒక్కటే మిగిలింది, ఆ పసుపు చుక్క. ఆవిడ చీరలు ఉతికి మడత పెట్టేశాం, ఫోను నంబరు తీసేశారు, వంటింట్లో డబ్బాల్లో పప్పులు అయిపోయాయి. ఆ చుక్క మాత్రం ఆవిడ వేలితో పెట్టింది పెట్టినట్టే ఉంది. కోడిపుంజుని తీసి బీరువాలో నడి అరకి, నడి మధ్యకి తెచ్చి పెట్టాను. మిగిలిన ఎనిమిదింటినీ దానికి అటూ ఇటూ సర్దాను. అయిదేళ్ల పాటు నేరానికి సాక్ష్యంలా ఉంచినదాన్ని దేవుడి పటంలా నిలబెట్టాను. ఇందులో తేడా ఏముందని నన్ను ఎవరూ అడగలేదు.

అడిగింది మా అమ్మాయే, వేరే విధంగా. ఆవిడ పోయిన నాలుగో నెలలో, ఆదివారం నేను కీ ఇస్తుంటే, దీన్నెప్పుడు శుభ్రం చేయిస్తావు నాన్నా అంది. దాని తెలుగు మేం మాట్లాడేది అర్థం చేసుకోవడానికే, జవాబులన్నీ జర్మన్‌లోనే. అది అమ్మది, అలాగే ఉండాలి అన్నాను. గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఎనిమిది నెలలయ్యాక మళ్లీ అడిగింది. ఈసారి కాస్త గట్టిగా చెప్పాను. తల్లి గుర్తు కళ్లెదుట ఉంటే ఈ పిల్లకి ఏం బాధ, ఇంత రాతిగుండె ఎక్కడి నించి వచ్చింది దీనికి అనుకున్నాను. అనుకోవడం కాదు, దాని మీద కోపం పెంచుకున్నాను.

తర్వాత అది అడగడం మానేసి ఇంకో పని మొదలుపెట్టింది. నేను ఆఫీసు నించి వచ్చేసరికి కోడిపుంజు బోర్లా తిరిగి ఉండేది, డయల్ లోపలికి, వీపు బయటికి. నేను తిప్పి పెట్టేవాణ్ణి. మర్నాడు మళ్లీ బోర్లా. మా ఇద్దరిలో ఎవరమూ ఒక్క మాట అనలేదు. ముట్టుకోకూడదన్న నా కచ్చితమైన రూలు ఏమైందో అప్పుడు నాకు గుర్తు కూడా రాలేదు. అలా నాలుగైదు వారాలు నడిచింది.

అప్పుడొచ్చింది ఆ ఉత్తరం. నా గడియారాలన్నీ బాగుచేసేది ఫోర్ట్స్‌హైమ్‌లో ఒక పెద్దావిడ. బంగారు పనికి పేరుపడ్డ ఊరు అది. ఆవిడకి డెబ్బై దాటాయి. ఈ నెలాఖరుకి కొట్టు మూసేస్తున్నాను, తేవలసినవి ఏమైనా ఉంటే తెండి అని పోస్టుకార్డు రాసింది. వెంట్రుక గొలుసు అతకడం చేతనైనవాళ్లు నాకు తెలిసినంతలో ఆవిడ ఒక్కర్తే. మా అమ్మాయి ఆ కార్డు చదివి, ఫ్రిజ్ మీద నా కళ్లకి ఎదురుగా అయస్కాంతంతో అంటించింది. పాలు తీసినప్పుడల్లా కనిపించేది. నేనొక తెలివైన ఉపాయం ఆలోచించాను. లోపలి మిషను బాగు చేయిద్దాం, డయల్ మాత్రం ముట్టుకోవద్దని చెబుదాం. గడియారం నడుస్తుంది, చుక్క ఉంటుంది. నేనూ వస్తానంది అమ్మాయి. రమ్మన్నాను.

శనివారం కార్ల్స్‌రూలో రైలు మారి వెళ్లాం. దారి పొడుగునా గడియారం డబ్బాని రెండు చేతులతో ఒళ్లో పట్టుకుని కూర్చుంది. ఆకలేస్తోందా అంటే లేదంది. నేను ఫోను చూసుకున్నాను. ఇద్దరం కలిసి గంటన్నర ఏమీ మాట్లాడకుండా ప్రయాణం చెయ్యగల స్థితికి చేరుకున్నాం అప్పటికి.

కొట్టులో సగం సామాను అట్టపెట్టెల్లోకి ఎక్కేసింది. బల్ల, దీపం, పనిముట్లు మాత్రం అలాగే ఉన్నాయి. పెద్దావిడ గడియారం ఊడదీసి, మిషను బల్ల మీద పెట్టి చూసింది. గొలుసు మూడు చోట్ల తుప్పు పట్టిందని, పళ్లచక్రాల్లో పచ్చగా ఏదో గట్టిపడిందని చెప్పింది. పుప్పొడా అని అడిగింది. కాదు, పసుపు అన్నాను. కూరల్లో వేసేదా అంది. అవునన్నాను. గడియారంలోకి కూరలోది ఎలా వచ్చిందని ఆవిడ అడగలేదు గాని, మొహం అడిగింది. మాకు ఏడాదికి ఒక రోజు పనిముట్లకి పూజ చేసే ఆచారం ఉందని, నా భార్య చేసిందని, ఆవిడ పోయిందని చెప్పాను. పోయిందన్న మాట జర్మన్‌లో తేలిగ్గా వచ్చేస్తుంది నాకు, ఎన్ని కౌంటర్ల దగ్గర చెప్పానో. పెద్దావిడ తన బల్ల మీద పట్టకారులు, స్క్రూడ్రైవర్లు ఒకసారి చూసుకుంది. యాభై ఏళ్లలో నేను వీటికి ఒక్క రోజు సెలవు కూడా ఇవ్వలేదు అంది.

అప్పుడు నా షరతు చెప్పాను. డయల్ తుడవద్దు, ఆ చుక్క నా భార్య వేలిముద్ర.

ఆవిడ డయల్‌ని దీపం కింద పెట్టి, రెండు కళ్లతో చూసే పెద్ద భూతద్దం దగ్గరికి లాక్కుంది. చాలాసేపు చూసింది. నా వెనక అమ్మాయి కాలు మార్చి నిలబడిన చప్పుడు వినపడింది.

"ఇది పెద్దవాళ్ల వేలు కాదు. మీరే చూడండి," అంది పెద్దావిడ.

చూశాను. ఎండిన పసుపులో వేలిగీతలు స్పష్టంగా ఉన్నాయి. ఒకదాన్నొకటి ఒరుసుకునేంత దగ్గరగా, సన్నగా, మొత్తం ముద్ర నా చిటికెన వేలి గోరులో సగం లేదు. డయళ్ల మీద అందరి వేలిముద్రలూ చూస్తూ బతికినదాన్ని, ఇది నాలుగైదేళ్ల పిల్లది అందావిడ. ఆ గడియారం మీద కోడిపుంజు తోకలో ఈకలెన్నో నాకు తెలుసు. మూత లోపల ఏ గుర్తు ఎవరు గీశారో సగం తెలుసు. ఆ చుక్క మీద మాత్రం ఆరేళ్లలో ఒక్కసారి కూడా భూతద్దం పెట్టలేదు. మొదట్లో కోపంతో చూడలేదు, తర్వాత భక్తితో చూడలేదు.

వెనక్కి తిరిగాను. మా అమ్మాయి గోడకి ఆనుకుని నిలబడింది.

"నేనే పెట్టాను నాన్నా," అంది తెలుగులో. "అమ్మ కాదు."

మిగతాది తెలుగూ జర్మనూ కలిపి చెప్పింది. ఆ రోజు అమ్మ అన్నిటికీ బొట్టు పెట్టి, గడియారాలకి పెట్టలేదట. పాపం వాటికి కూడా పండగే కదా అనుకుందట. గాజు ఎలా తెరుస్తానో ప్రతి ఆదివారం చూసింది కదా, వచ్చినవాళ్లంతా వంటింట్లో ఉన్నప్పుడు గోటితో అలాగే తెరిచింది. బొట్టు నుదుటి మీద పెడతారు, పన్నెండు పైన ఉంటుంది కాబట్టి నుదురు అక్కడే అనుకుంది. అమ్మ చూసి, గడియారం లాక్కుని తుడవబోయేసరికి కింద వీధితలుపులో నా తాళంచెవి చప్పుడైంది. అమ్మ గడియారం లోపల పెట్టేసి, తనని చేతులు కడుక్కోమని స్నానాల గదిలోకి తోసింది. తలుపు సందులోంచి అన్నీ విందట. తూకం మాట కూడా విందట. అప్పుడు అర్థం కాలేదు, తర్వాత అయింది అంది.

ఎందుకు శుభ్రం చేయించమన్నావంటే చెప్పింది. "నువ్వు దాన్ని మధ్యలో పెట్టావు. రోజూ అమ్మని తిడుతున్నట్టే ఉంటుంది."

నాకు ఏడుపొచ్చింది. పద్నాలుగు నెలలుగా రానిది, ఆస్పత్రి గదిలో రానిది, గోదావరి ఒడ్డున అందరూ చూస్తుండగా రానిది, ఊరు కాని ఊళ్లో, ఎవరో పెద్దావిడ కొట్టులో అట్టపెట్టెల మధ్య వచ్చింది. మత్తు దిగిన పంటిలాగే నొప్పెట్టింది. నా భార్య గుర్తని పట్టుకుని కూర్చున్నది ఆవిడ గుర్తే కాదు. ఆవిడ చేసింది బొట్టు పెట్టడం కాదు, మా పిల్లని నా నోటికి అడ్డుపడి కాయడం. ఆ మాట నేను ఆవిడని అన్నాను. ఆవిడ పడింది. ఇప్పుడు వెళ్లి చెప్పడానికి ఆవిడ లేదు. పెద్దావిడ ఒక మెత్తటి తోలుముక్క నా ముందు పెట్టి, కాఫీ కలుపుతానని లోపలికి వెళ్లింది. అది గడియారాలు తుడిచే తోలు. దాంతోనే తుడుచుకున్నాను.

ఆవిడ తిరిగొచ్చి, డయల్ కూడానా అని అడిగింది. నేను అమ్మాయి వైపు చూశాను. తల ఊపింది. డయల్ కూడా అన్నాను. రెండు వారాల్లో అవుతుంది, నా చివరి పని ఇదే, మూత లోపల నా గుర్తు గీసి ఇస్తాను అంది పెద్దావిడ. రసీదు రాసి అమ్మాయి చేతికిచ్చింది.

స్టేషన్‌లో రైలుకి ఇరవై నిమిషాలుంది. బెంచీ మీద కూర్చున్నాం. ప్రెట్జెల్ రొట్టె ఒకటి కొని చెరి సగం తుంచుకున్నాం. అప్పుడే ఎందుకు చెప్పలేదురా తల్లీ అన్నాను. అమ్మ వద్దంది అంది. నాన్న కోపం రెండు రోజులే, మూడో రోజు తనే మాట్లాడతాడు, నువ్వు లెక్కపెట్టు అందట.

"లెక్కపెట్టావా?" అని అడిగాను.

"పెట్టాను," అంది. "నాకప్పుడు పది దాకే వచ్చు. పది అయిపోయాక మళ్లీ ఒకటి నించి మొదలుపెట్టాను."